ఇరవై దొంగ గింజలు

జూన్ 2, మంగళవారం

ముందు అందరి క్షేమం రాయాలి. నాకు ఉత్తరం రాయడం తప్ప ఇంకో రాత తెలియదు. మూడో తరగతిలో ఆగిన చదువు. ఎవరూ చదవని ఈ పుస్తకమైనా అలాగే మొదలుపెడతాను.

అమ్మాయి మోకాలు ఎలా ఉంది? వాపు తగ్గిందంటోంది గానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. అల్లుడి కడుపులో మంట ఎలా ఉంది? పొద్దస్తమానం బస్సు నడిపే మనిషికి వేళకు తిండెక్కడ. ఒక సీసా మందు అయిపోయింది, ఇంకో సీసా తెచ్చుకున్నాడు. మనవరాలు పిచ్చుక ఎలా ఉందో? కాఫీ షాపుకు దగ్గరని విడిగా గది తీసుకుంది. అక్కడ ఏం తింటోందో, అసలు తింటోందో లేదో. కిందటిసారి చూస్తే మెడ దగ్గర ఎముకలు తేలాయి. వేపుడాయన దగ్గు ఎలా ఉందో? నలభై ఏళ్ళు కాఫీ గింజలు వేపిన పొగ ఊరికే పోతుందా. మేమిద్దరం ఒకే షెడ్డులో పనిచేసిన రోజుల్లోనే దగ్గేవాడు.

నేను బాగానే ఉన్నాను.

ఇవాళ పిచ్చుక వచ్చింది, భుజాన మూటతో. పది కిలోల పచ్చి గింజలు. నా మంచం పక్కన దించి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"ఇరవయ్యో తారీఖున పోటీ అమ్మమ్మా. నాలాగా కాఫీ చేసే బరిస్టాలు పాతికమంది వస్తున్నారు. ఆరుగుర్ని ఏరి మర్నాడు మళ్ళీ పోటీ పెడతారు. ఆ ఆరుగుర్లో పడితే చాలు, కొత్తగా తెరిచే షాపు నా చేతిలో పెడతానన్నాడు ఓనరు."

"బాగుంది. ఈ మూట ఏమిటి మరి?"

"నువ్వు ఏరాలి."

"మిషన్లు ఏరినవి దొరుకుతాయి కదే."

"దొరుకుతాయి. పాతికమందీ అవే తెస్తారు. ఏరుడు షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన అమ్మమ్మ నాకు తప్ప ఎవరికుంది? ఈ సంగతి స్టేజీ మీద చెప్తాను."

కాదనాలనుకున్నాను. కాదనలేదు. దాని మొహం చూస్తూ ఎలా కాదంటాను? అసలు దాని మొహం కూడా కిటికీ వైపు తిరిగితేనే సరిగ్గా ఆనింది.

కిటికీ అద్దం తుడవమని అమ్మాయికి చెప్పాలి.

జూన్ 4, గురువారం

ముప్పావు కిలో అయింది. షెడ్డులో అయితే ఒక పూటకి పది కిలోలు ఏరేదాన్ని.

నల్ల గింజ చేతికే తెలిసిపోతుంది, తేలిగ్గా ఉంటుంది. పుచ్చుదైతే బెజ్జం వేలికి తగులుతుంది. పులిసిన గింజతోనే తంటా. ముట్టుకుంటే మంచిదానిలాగే నున్నగా ఉంటుంది, బరువూ అంతే. రంగులోనే తేడా. ఆకుపచ్చ బదులు కాస్త పసుపు తిరిగి ఉంటుంది. కన్ను తప్ప దాన్ని పట్టేది లేదు. ఒక్కటి లోపలికి పోయిందంటే ఆ కప్పు మొత్తం నిలవ నీళ్ళ కంపు కొడుతుంది.

బల్బు సరిగా లేదు. మార్చమని అల్లుడికి చెప్పాను.

జూన్ 5

కొత్త బల్బు కూడా అంతే. ఈ కాలపు సామాన్లు ఇంతే.

జూన్ 7, ఆదివారం

అమ్మాయితో మాట వచ్చింది. నా మంచం మీద పసుపెక్కిన దుప్పటి వేసింది. ముసలిదాన్ని కదా, ఏదైనా సరిపోతుందని కాబోలు. సబ్బు సరిగ్గా పెట్టడం లేదేమిటే అన్నాను.

నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అమ్మా, నిన్న కవరు చింపి తీసిన దుప్పటి అది. పాలలా ఉంది."

"పాలు ఇలాగే ఉంటాయా మీ ఇంట్లో?"

"నీ కళ్ళు ఒకసారి చూపిద్దామని చలికాలం నుంచీ మొత్తుకుంటున్నాను."

"నా కళ్ళకేం? సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను."

అది నిజం కాదు. ఎక్కించి రెండు నెలలైంది. ఆమెకు తెలుసో తెలియదో, మోకాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం నేనే పలకరించాను. దుప్పటి మాట ఎత్తలేదు.

జూన్ 9

మబ్బు. ఏరలేదు.

జూన్ 10

ఎండ. కిటికీ దగ్గర కూర్చుని ఏరాను. ఎండ ఎక్కువైతే తెల్లటి పొగలాంటిది అడ్డం వస్తుంది. తక్కువైతే అన్నీ ఒకే రంగు. ఎండకీ నీడకీ మధ్య పొద్దున్న ఒక గంట బాగుంటుంది. ఆ గంటలో అమ్మాయి పిలిచినా పలకలేదు.

జూన్ 11, గురువారం

ఇవాళ ఊరికే పొడుగావిడ గుర్తొచ్చింది. షెడ్డులో నా పక్క బల్ల. మంచి మనిషి, చేతివేళ్ళు కూడా పొడుగే.

మా మేస్త్రీకి ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలకోసారి, ఎవరి పళ్ళెంలోనో చెప్పకుండా, లెక్కపెట్టి ఇరవై పులిసిన గింజలు కలిపేవాడు. దొంగ గింజలనేవాళ్ళం. ఇరవై పట్టుకుంటే బల్ల మీద ఉంటావు. రెండు మూడు తప్పితే మాట పడతావు. అంతకు మించి తప్పితే బల్ల దిగి చీపురు పట్టుకోవాలి. ముప్పై ఏళ్ళలో నాకు ఒక్కసారీ ఇరవైకి తగ్గలేదు. అందుకని నాకు గర్వం. ఉండేది.

పొడుగావిడ కళ్ళు మసకబారాయి. ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. తనకి దొంగ గింజలు పడిన రోజు గింజలున్న చెయ్యి నా వైపు చాపి, "కాస్త చూసి పెట్టవే" అంది గుసగుసగా. నేను తల తిప్పుకున్నాను. పద్నాలుగే పట్టింది. మర్నాటి నుంచి చీపురు. నా బల్ల కింద ఊడ్చేటప్పుడు కాళ్ళు ఎత్తమనేది, అంతే. ఇంకే మాటా లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను. అయిదు కిలోలు అయ్యాయి.

జూన్ 14, ఆదివారం

పిచ్చుక వచ్చి మూట తీసుకెళ్ళింది. ఇక్కణ్ణుంచి నేరుగా వేపుడాయన దగ్గరికి.

"అన్నీ అయ్యాయా? రెండుసార్లు చూశావా?"

"మూడుసార్లు."

చివరి రెండు కిలోలు ఒక్కసారే చూశాను. అది కూడా నిన్న సాయంత్రం, దీపం కింద. చేతికి నున్నగా తగిలిన గింజల్ని మంచివాటిలో వేశాను. మంచివే అయి ఉంటాయి. ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది.

పోతూ పోతూ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. "నువ్వు ముందు వరసలో కూర్చోవాలి అమ్మమ్మా. టిక్కెట్టు తెచ్చాను."

జూన్ 16

వేపుడాయన ఫోను చేశాడు. కాసేపు దగ్గు, కాసేపు మాట.

"అక్కా, గింజలు అందాయి. పగటిపూటే ఏరావా?"

"పగలు కాకపోతే ఏమిటయ్యా, నేనేం దొంగనా?"

"అది కాదు. కళ్ళూ అవీ బాగున్నాయి కదా?"

"నీ దగ్గు సంగతి చూసుకో ముందు."

నవ్వాడు. రేపు వేపుతానన్నాడు. మనిషి ఏదో అనబోయి మానేసినట్టు అనిపించింది. నాకు అన్నీ అలాగే అనిపిస్తాయి.

జూన్ 19

రేపే. జారి పడతానేమో, దారి తప్పుతానేమో, దగ్గొస్తే జనం తిరిగి చూస్తారేమో. మంచినీళ్ళ సీసా, బిళ్ళలు, మడిచిన తువ్వాలు సంచిలో పెట్టాను. మళ్ళీ తీసి చూశాను. ఉన్నాయి.

జూన్ 21, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

అల్లుడు సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. చాలా పెద్ద హాలు. పైకప్పు నిండా దీపాలు, ఒక్కో దీపం చుట్టూ గుండ్రంగా వెలుగు ముద్ద. బయట వరసగా కాఫీ దుకాణాలు, చిన్న చిన్న కప్పుల్లో రుచి చూడమని ఇస్తున్నారు. ప్రాణం లేచొచ్చింది. నా జన్మలో అన్ని కాఫీలు ఒక్కచోట తాగలేదు. ఒకటి పుల్లటి పండులా ఉంది. ఇంకొకటి పొగలా. అల్లుడు, "అత్తయ్యగారూ, ఇక చాలు, గుండె దడ వస్తుంది" అని వెనకాలే తిరిగాడు. కడుపులో మంటని చెప్పి తనొక్కటీ తాగలేదు.

నాలుగో దుకాణంలో ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేశాను.

"బాగాలేదా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"ఇందులో పులిసిన గింజ పడింది నాయనా."

అతను కూడా తాగి చూశాడు. కూజాలో ఉన్నదంతా పారబోసి నాకు దండం పెట్టాడు. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా? పొద్దుట్నుంచీ వందమంది తాగారు, ఒక్కరూ పట్టలేదు." పక్కనే ఉన్న లెక్కల టీచరు ఒకావిడ, కాఫీ పిచ్చి ఉండి సెలవు పెట్టి మరీ వచ్చిందట, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. లోపలికి కూడా నాతోనే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నాకు పొగరెక్కింది. నాలుక ఇంత బాగుంటే కళ్ళు మాత్రం ఎందుకు బాగుండవు అనుకున్నాను.

పిచ్చుక తొమ్మిదోది. నల్ల ఏప్రన్ కట్టుకుంది. చెవి దగ్గర్నుంచి నోటి ముందుకి చిన్న మైకట. అంత పెద్ద స్టేజీ మీద నిజంగా పిచ్చుకలాగే ఉంది. ఎదురుగా బల్ల దగ్గర నలుగురు జడ్జీలు కూర్చున్నారు, ఇద్దరు పక్కన నిలబడి దాని చేతులే చూస్తున్నారట. పదిహేను నిమిషాల్లో అన్నీ చేసి ఇవ్వాలని టీచరు చెప్పింది. గింజలు మర ఆడిన చప్పుడు వినిపించింది. ఆ వాసన మూడో వరసదాకా వచ్చింది. (ముందు వరస దీపాలు కళ్ళలో పొడుస్తున్నాయని వెనక్కి జరిగాం.)

"ఈ గింజల్లో ప్రతి ఒక్కటీ మా అమ్మమ్మ చేత్తో ఏరింది," అంది మైకులో. "ముప్పై ఏళ్ళు ఏరుడు షెడ్డులో పనిచేసింది. ఒక్క చెడ్డ గింజ కూడా ఆవిడ కన్ను దాటిపోదు. ఆవిడ ఇక్కడే ఉంది."

హాలంతా చప్పట్లు కొట్టారు. టీచరు నన్ను లేపి నిలబెట్టింది. నేను దండం పెట్టాను. పెట్టాను కదా.

ఎస్ప్రెస్సో అని ఆ చిక్కటి కాఫీ నాలుగు బుల్లి కప్పుల్లో పెట్టింది. కాఫీ పొడి నింపి మిషనుకి తగిలించే ఒక్కో పిడికి రెండు ముక్కులట, ఒక్కో పిడి నుంచి రెండు కప్పులు. మొదటి ఇద్దరు జడ్జీలు తాగి తల ఊపారట. "మూడో ఆయన కప్పు పక్కకి జరిపాడేమిటి?" అంది టీచరు. తర్వాత, "నాలుగో ఆవిడ కూడా," అంది.

నాకు మొహాలు ఆనవు. ఆవిడ చెప్పబట్టి తెలిసింది.

తర్వాత పాలతో చేసినవీ, దాని సొంత పానీయమూ బాగానే వచ్చాయట. అయిపోయాక వెనక బల్ల దగ్గరికి వెళ్ళాం. కడగాల్సిన కప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. మూడో కప్పు అడుగున ఒక గుక్క మిగిలి ఉంది. తాగాను.

నిలవ నీళ్ళు.

సాయంత్రం పేర్లు చదివారు. పిచ్చుక ఏడోది.

జూన్ 22, సోమవారం

దానికి ఫోను చెయ్యాలి.

జూన్ 23

ఫోను కలవలేదు. అబద్ధం. నేను నొక్కలేదు.

జూన్ 24, బుధవారం

అదే చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అంతా ఆ వేపుడాయన వల్లే అమ్మమ్మా. సగం మాడ్చాడు, సగం పచ్చిగా వదిలేశాడు. ఆ వయసులో దగ్గుకుంటూ వేపుతుంటే ఇంకేమవుతుంది? ఓనరుకి చెప్పేశాను. శనివారం నుంచి షాపు గింజలు వేరేచోట వేయిస్తాం."

"ఆయనేమన్నాడే?"

"ఏమంటాడు? తప్పు నాదే కావచ్చమ్మా అన్నాడు."

నా నోట్లోకి మాట వచ్చింది. బయటికి మాత్రం, "వేళకి తిను" అనే మాట వచ్చింది. ఫోను పెట్టేశాను. వాళ్ళ షాపొక్కటే ఆయనకు మిగిలిన గిరాకీ. ఆ సంగతి నాకు తెలుసు, దానికి తెలియదు.

జూన్ 25

అమ్మాయికి మోకాలు నొప్పి ఎక్కువైంది. అల్లుడు కొత్త మందు తెచ్చుకున్నాడు. నేను ఏమీ చెయ్యలేదు.

జూన్ 26, శుక్రవారం

అల్లుడి బస్సు అటే పోతుంది. నన్ను వేపుడాయన గుమ్మం దగ్గర దింపి, తిరుగు బస్సులో ఎక్కించుకుంటానన్నాడు. "ఏం పనండీ అత్తయ్యగారూ?" అన్నాడు. ఊరికే చూసి వస్తానన్నాను.

రేకుల కప్పు, చిన్న గది. మధ్యలో వేపుడు డ్రమ్ము, చల్లగా ఉంది. ఆయన స్టూలు జరిపాడు. క్షేమం అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, బీరువా పైనుంచి కాగితం పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టాడు. విప్పి తడిమాను. పచ్చి గింజలు. నున్నగా ఉన్నాయి.

"మంచి గింజలే కదా," అన్నాను.

"అన్నీ పులిసినవే అక్కా. నువ్వు ఏరి పంపిన మూటలోవి. వేపేముందు పరిచి చూస్తే కనపడ్డాయి. ఒక పగలంతా కూర్చుని తీశాను. అన్నీ తీశాననుకున్నా. నా కళ్ళూ కుర్రకళ్ళేం కావుగా."

"మరి పిల్ల నిన్ను అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఏం చెప్పమంటావు? మీ అమ్మమ్మకు చూపు పోయిందమ్మా అని చెప్పనా? స్టేజీ ఎక్కే ముందు చెప్పనా, దిగాక చెప్పనా?"

"నాతోనైనా చెప్పాలి కదయ్యా!"

"ఫోను చేశాగా. నా దగ్గు సంగతి చూసుకోమన్నావు."

పొట్లం ఆయన చేతికి తిరిగిచ్చాను. తర్వాత నేనే అన్నాను, ఇరవై కలపమని. వద్దక్కా అన్నాడు. కలపమన్నాను. పళ్ళెంలో మంచి గింజలు పోసి, పొట్లంలోంచి ఇరవై లెక్కపెట్టి కలిపి, పళ్ళేన్ని తలుపు దగ్గర వెలుతురులో పెట్టాడు. ఎంతసేపు ఏరానో తెలియదు. బస్సు హారను వినిపించింది, వేపుడాయన వెళ్ళి అల్లుణ్ణి కాసేపు ఆగమన్నాడు.

తొమ్మిది పట్టాను. వాటితో పాటు నాలుగు మంచివి కూడా తీసి పారేశాను.

పొడుగావిడ పద్నాలుగు పట్టింది.

జూన్ 27, శనివారం

పొద్దున్నే, షాపు తెరవకముందే పిచ్చుకకి ఫోను చేశాను. అమ్మాయి చేత నంబరు నొక్కించుకున్నాను. అంకెలు ఆనడం లేదని చెప్పాను. ఆమె నా వైపు చూసి, నొక్కి ఇచ్చింది.

"వేపుడాయన తప్పేం లేదే. నాకు కళ్ళు కనపడటం లేదు. పులిసిన గింజలు నేనే వదిలేశాను. మూడుసార్లు చూశానన్నది కూడా అబద్ధం."

అవతల ఏదో మిషన్ బుసలు కొడుతోంది. అది ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గింజలు ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అదీ."

"అదీ ఏమిటి అమ్మమ్మా! అంతమందిలో నీ కన్ను గురించి చెప్పాను నేను. నువ్వు లేచి దండం పెట్టావు!"

"పెట్టాను."

"జనం వస్తున్నారు, పెట్టేస్తున్నా," అంది. ఇంకా షాపు తెరవలేదు.

జూన్ 28

పిచ్చుక ఫోను చెయ్యలేదు.

అమ్మాయి కాఫీ కలిపి తెచ్చి, కప్పు నా చేతికి అందించి, వేళ్ళు దాని చుట్టూ సర్దింది. నా మంచం మీదే కూర్చుని తనూ తాగింది. దుప్పటి నిజంగానే తెల్లగా ఉందిట.

జూన్ 29, సోమవారం

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయేమో. పెద్దగా రాస్తున్నాను.

అమ్మాయి మోకాలు అలాగే ఉంది. అల్లుడి మంట కాస్త నయం. వేపుడాయన దగ్గు తగ్గలేదు, కానీ డ్రమ్ము ఈ పొద్దున వేడెక్కింది. పిచ్చుక తిన్నానని చెప్పింది, నమ్మలేదు. నేను బాగాలేను. కుడి కన్ను దాదాపు లేనట్టే, ఎడమది పొద్దున్న ఒక గంట.

మధ్యాహ్నం దాని ఫోను వచ్చింది. తిన్నానన్న ముక్క తప్ప క్షేమాలూ గిమాలూ లేవు.

"ఆయన దగ్గరికి వెళ్ళాను. తప్పయిపోయిందని చెప్పాను. నవ్వాడు, దగ్గాడు. షాపు గింజలు మళ్ళీ ఆయనే వేపుతాడు."

"ఓనరుకి చెప్పావా?"

"చెప్పాను. కొత్త షాపు పోటీలో ఆరోదిగా వచ్చిన అమ్మాయికి ఇచ్చేశాడు. అది అయిపోయింది, వదిలెయ్."

వదిలెయ్ అన్నప్పుడు దాని గొంతు మామూలుగానే ఉంది.

"నిన్ను ఇంకా క్షమించలేదు. ముందే చెప్తున్నా."

"సరేనే."

"కంటి డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. ఆపరేషన్ అంటే ఆపరేషనే. భయం, మబ్బు, బల్బు అంటే ఊరుకోను."

"నీకెవరు చెప్పారే బల్బు సంగతి?"

"అమ్మ. అన్నీ చెప్పింది. కట్టు విప్పాక ఇరవై కలుపుతా. నేనే కలుపుతా. ఇరవైకి ఇరవై పట్టకపోతే చీపురే."

పొడుగావిడ సంగతి దానికెప్పుడూ చెప్పలేదు. చీపురు మాట వేపుడాయన చెప్పి ఉంటాడు.

"మంచి గింజలు పారేస్తే?" అని అడిగాను.

"దానికి వేరే శిక్ష. గురువారం సెలవు పెట్టాను. తయారై కూర్చో, గుమ్మం దగ్గర నన్ను నిలబెట్టకు."

తారీఖు రెండుసార్లు చెప్పించుకుని, గోడ మీద అమ్మాయి చేత పెద్దగా రాయించాను. జూలై రెండు, గురువారం, పొద్దున్న తొమ్మిదింటికి పిచ్చుక వస్తుంది.